రేసుకి డబ్బు కట్టేస్తే పరిగెడతామా? కట్టి చూశా, ఇదీ నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది ఫలానా రేస్ గురించి రివ్యూ కాదు. పరుగు అంటే ఏంటో తెలియని మనిషి "డబ్బు కట్టేస్తే అదే దార్లో పడతాం" అనుకుని రేసుకి రిజిస్టర్ చేసుకుంటే ఆ రిజిస్ట్రేషన్ అనే వస్తువు పనిచేస్తుందా లేదా, దాని మీద రివ్యూ. షూస్‌కి రివ్యూలు రాస్తారు, వాచీలకి రాస్తారు, దీనికెందుకు రాయరో నాకర్థం కాదు, నిజానికి నన్ను ఇంట్లోంచి బయటికి లాగింది ఈ మూడింట్లో ఇదొక్కటే.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ మీకు పనికొస్తుందో లేదో తెలీదు. వయసు 41. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. చివరిసారి పరిగెత్తింది బస్సు కోసం, అది కూడా ఎక్కలేకపోయా. ఆరంభశూరత్వం మాత్రం బోలెడు. యోగా మూన్నాళ్ళ ముచ్చట, స్కిప్పింగ్ తాడు కొన్నాక రెండు రోజులు, రన్నింగ్ యాప్‌లు మూడు డౌన్‌లోడ్ చేశా, మూడూ "మిమ్మల్ని మిస్ అవుతున్నాం" అని మెసేజ్‌లు పెట్టీ పెట్టీ వాటికే విసుగొచ్చి ఆగిపోయాయి. రన్నింగ్ షూస్ కొని ఏడాదైంది, వాటితో కూరగాయలకి వెళ్ళొచ్చేదాన్ని.

అలాంటిదాన్ని ఒక రాత్రి నిద్రపట్టక ఫోన్ చూస్తుంటే ఎదురుగా రిజిస్ట్రేషన్ పేజీ కనపడింది, ఇంకా ఏడు వారాలుంది, 5కె (ఐదు కిలోమీటర్లు) ఉంది, 10కె (పది కిలోమీటర్లు) ఉంది, 5కె అంటే చిన్నపిల్లలు పరిగెత్తేదిలే అనిపించి (ఈ ఒక్క మాటకే నాకు తర్వాత తగిన శాస్తి జరిగింది) 10కె నొక్కా, ఫారం నింపా, డబ్బు కట్టేశా. కట్టాక కన్ఫర్మేషన్ మెయిల్ చదివితే కింద చిన్న అక్షరాల్లో ఉంది, డబ్బు వెనక్కి ఇవ్వరట, బిబ్ (పరిగెత్తేటప్పుడు ఒంటిమీద పెట్టుకునే నంబర్ కాగితం) ఇంకొకరి పేరు మీదకి మార్చరట. అప్పుడు గుండె జారింది. పొద్దున లేచి మా ఆయనకి చెప్తే టీ తాగుతూ "పదా? నువ్వా?" అన్నాడు. అంతే, ఇంకేం అన్లేదు. ఆ "నువ్వా" అనే మాట నన్ను రెండు వారాలు పరిగెత్తించింది.

సరే, అసలు విషయానికొద్దాం. ఇది పనిచేసిందా? చేసింది. ఎందుకు చేసిందో కూడా నాకు బాగా తెలుసు, డబ్బు వల్ల మాత్రం కాదు. డబ్బు పోతుందనే బాధ నాలుగు రోజులుంటుంది, ఐదో రోజు "పోతే పోయింది వెధవ డబ్బు" అనిపిస్తుంది, జిమ్ మెంబర్‌షిప్ తీసుకున్న ప్రతి ఒక్కరికీ ఇది అనుభవమే. పనిచేసింది తారీఖు. "రోజూ పరిగెత్తాలి" అనుకుంటే దానికి మొదలు లేదు చివర లేదు, ఇవాళ మానేస్తే రేపుంది, రేపు మానేస్తే ఎల్లుండుంది. రేస్ తారీఖు అలా కాదు, పరీక్ష తారీఖు లాంటిది, మనం చదివినా చదవకపోయినా అది వచ్చేస్తుంది.

ఇంకో చిన్న పని చేశా, నాకు అదే బాగా ఉపయోగపడింది. వారాలు లెక్కపెట్టడం మానేసి పరుగులు లెక్కపెట్టా. ఏడు వారాలు అంటే ఎంతో టైం ఉన్నట్టుంటుంది. వారానికి మూడు పరుగులు అనుకుంటే మొత్తం 21. అంతే! ఇరవయ్యొక్కసారి బయటికెళ్తే రేస్ వచ్చేస్తుంది. ఫ్రిజ్ మీద 21 గళ్ళు గీసి పెట్టుకున్నా. ఒకరోజు మానేస్తే వారంలో ఒకరోజు పోయినట్టుండదు, 21లో ఒకటి పోయినట్టుంటుంది, ప్రాణం గిలగిల్లాడుతుంది. వర్షం పడుతున్నా ఒకరోజు వెళ్ళానంటే ఆ గడి వల్లే.

ఇప్పుడు చెడు సంగతి. ఈ తారీఖు అనేది రెండువైపులా పదునున్న కత్తి అని ఎవరూ చెప్పరు, రిజిస్ట్రేషన్ పేజీ వాళ్ళు అస్సలు చెప్పరు. "ఎవరైనా పరిగెత్తొచ్చు!" అని పెద్దక్షరాల్లో రాస్తారు, కానీ ఇంకెన్ని వారాలుంది, మీరు ఇప్పుడు ఎంత దూరం నడవగలరు, అలాంటి ప్రశ్న ఒక్కటుండదు ఫారంలో. టీషర్ట్ సైజ్ మాత్రం స్టార్ వేసి మరీ అడుగుతారు.

ఏడు వారాల్లో సున్నా నుంచి 10కె అంటే ఎంత తిక్క పనో నాకు తర్వాత తెలిసింది. కౌచ్ టు 5కె అని ఒక ప్లాన్ ఉంది, జోష్ క్లార్క్ అనే ఆయన 1996లో కొత్తవాళ్ళ కోసం తయారుచేసింది, ప్రపంచంలో బిగినర్స్ ఎక్కువమంది మొదలుపెట్టేది బహుశా దాంతోనే. అది 5 కిలోమీటర్లకే తొమ్మిది వారాలు తీసుకుంటుంది! మొదటివారం ఎలా ఉంటుందంటే 5 నిమిషాలు నడక, తర్వాత 60 సెకన్లు మెల్లగా పరుగు, 90 సెకన్లు నడక, మళ్ళీ 60 పరుగు, 90 నడక, ఇలా 20 నిమిషాలు. వారానికి మూడు రోజులే. చదివి నవ్వొచ్చింది నాకు, అరవై సెకన్లు కూడా ఒక పరుగేనా అని. మొదటిరోజు నేను ఆగకుండా పరిగెత్తా కదా, మూడో నిమిషంలో చెట్టు పట్టుకుని నిలబడ్డా, పక్కనుంచి వెళ్తున్న పెద్దాయన "ఏమ్మా, నీళ్ళు కావాలా" అని అడిగాడు. అరవై సెకన్లు పరుగేనండీ. ఒప్పుకుంటున్నా.

కానీ నాకు తొమ్మిది వారాలు లేవు, ఏడే ఉన్నాయి, దూరం చూస్తే రెట్టింపు. అందుకని ప్లాన్‌లో వారాలు దాటేసుకుంటూ పోయా. రెండో వారంలోనే ఆయాసం తగ్గిపోయింది, నేనేదో పుట్టు రన్నర్‌ని, ఇన్నాళ్ళూ ఎవరూ గుర్తించలేదంతే అనుకున్నా. మూడో వారంలో మోకాలి కింద, కాలి ముందువైపు ఎముక పక్కన నొప్పి. ముందు పరుగు మొదట్లో మాత్రమే ఉండేది, తర్వాత పరుగంతా ఉంది, తర్వాత మెట్లు దిగుతున్నా ఉంది. షిన్ స్ప్లింట్స్ అంటారు దాన్ని, కొత్తగా పరిగెత్తేవాళ్ళకి మామూలుగా వచ్చేదే. ఫిజియోథెరపిస్ట్ దగ్గరికెళ్తే ఆవిడ చెప్పింది ఒక్క ముక్క, అది రిజిస్ట్రేషన్ పేజీ మీద రాయాలి అసలు: గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే అలవాటు పడిపోతాయి, ఎముకలకీ టెండన్లకీ (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచేవి) ఇంకా ఎక్కువ టైం కావాలి. అంటే ఆయాసం లేదు కదా అని మనం పరుగు పెంచేస్తాం, కాళ్ళింకా అక్కడికి రాలేదు. ఊపిరి నమ్మించి మోసం చేస్తుందన్నమాట.

పదిరోజులు పరుగు వద్దంది. నా ఫ్రిజ్ మీద లెక్క చూస్కుంటే 8 గళ్ళు నిండాయి, 4 ఖాళీగా పోయాయి, ఇంక మిగిలింది 9. తొమ్మిది పరుగుల్లో పది కిలోమీటర్లకి ఎలా తయారవుతాం? అప్పుడు తలొంచుకుని నిర్వాహకులకి మెయిల్ పెట్టా, నన్ను 5కెకి మార్చండి మహాప్రభో అని. ఇక్కడ సర్వీస్ గురించి రెండు మాటలు. మార్చారు, కానీ జవాబివ్వడానికి నాలుగు రోజులు పట్టింది, ఫీజులో తేడా వెనక్కి ఇవ్వలేదు, పైగా మార్చుకోవడానికి ఆఖరి తేదీ ఒకటుందని సైట్‌లో ఎక్కడో మూల ఉంది, ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే అదీ కుదిరేది కాదట. కాబట్టి డబ్బు కట్టే ముందు మూడు చూడండి: దూరం మార్చుకోనిస్తారా, ఎప్పటిలోగా, కటాఫ్ టైం ఎంత. కటాఫ్ అంటే అన్ని నిమిషాల్లోగా పూర్తిచేయకపోతే రోడ్డు మళ్ళీ బళ్ళకి తెరిచేస్తారు, వెనకాల స్వీపర్ బండి వచ్చి ఎక్కించుకుంటుంది. 5కె కటాఫ్ గంట పైన ఉంటే కంగారు అక్కర్లేదు, చురుగ్గా నడిచేవాళ్ళు కూడా దాదాపు గంటలో ఐదు కిలోమీటర్లు నడిచేస్తారు.

ఆ మిగిలిన తొమ్మిది పరుగులూ నిజం చెప్పాలంటే నాకు బాగా నచ్చాయి. ఫిజియో ఆవిడ చెప్పినట్టు మాట్లాడగలిగే వేగంతో పరిగెత్తా. టాక్ టెస్ట్ అంటారు దీన్ని, పక్కన మనిషుంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, మాట ముక్కలు ముక్కలుగా వస్తోందంటే వేగం ఎక్కువైనట్టు. నాకు పక్కన ఎవరూ లేరు కాబట్టి ఆఫీసులో గిట్టనివాళ్ళకి చెప్పాలనుకున్న మాటలన్నీ గట్టిగా చెప్పుకుంటూ పరిగెత్తేదాన్ని. నడకా పరుగూ కలిపి చేస్తే సిగ్గుపడక్కర్లేదని కూడా అప్పుడే తెలిసింది. జెఫ్ గాలోవే అని అమెరికా ఆయన, 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన మనిషి, ఆయనే కొత్తవాళ్ళకి రన్-వాక్-రన్ అని నేర్పించాడు, అలిసిపోయాక నడవడం కాదు, అలిసిపోకముందే లెక్క ప్రకారం నడవడం. ఒలింపిక్స్‌లో పరిగెత్తిన ఆయనే నడవమంటే మనకెందుకండీ మొహమాటం.

చుట్టాల్లో ఈ వార్త ఎలా పాకిందో తెలీదు, అందరూ ఫోన్ చేసి "మారథాన్ పరిగెడుతున్నావంటగా" అనడమే. ఎన్నిసార్లు చెప్పానో, మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన దూరం అది, 1921లో దాన్నే ఖాయం చేశారు, నేను పరిగెత్తేది ఐదు. "ఏదో ఒకటిలే, మారథానే కదా" అన్నారు. వదిలేశా. నిజానికి ఈ చుట్టాల గొడవ కూడా ఫీజులో భాగమే అనుకోండి. నలుగురికీ తెలిసిపోయాక మానేయడం కష్టం. డబ్బు కంటే ఇదే గట్టిగా పనిచేస్తుంది, కాకపోతే కాలు నొప్పితో కూడా పరిగెత్తించేదీ ఇదే, జాగ్రత్త.

ముందురోజు బిబ్ తెచ్చుకోవడానికి వెళ్ళా. కాగితం లాంటి దాని మీద నంబర్, నాలుగు పిన్నీసులు, వెనకాల సన్నటి స్ట్రిప్ అంటించి ఉంటుంది, అదే టైమింగ్ చిప్, స్టార్ట్‌లో ఫినిష్‌లో పరిచిన మ్యాట్ల మీదనుంచి వెళ్ళినప్పుడు మన టైం పట్టుకుంటుంది. బిబ్ మడతపెట్టకండి, చిప్ పాడవుతుంది. వెనకవైపు బ్లడ్ గ్రూప్, ఎమర్జెన్సీ ఫోన్ నంబర్ రాసుకోవడానికి చోటుంటుంది, చాలామంది ఖాళీగా వదిలేస్తున్నారు, రాయండి. మా ఆఫీసులో చెల్లెలు లాంటి అమ్మాయి "అక్కా, నీకు కాలు నొప్పి కదా, నీ బిబ్ నాకిచ్చెయ్, నేను పరిగెత్తేస్తా" అంది. ఇవ్వలేదు. దారిలో పడిపోతే డాక్టర్లు ఆ నంబర్ చూసి నా వివరాలు తీస్తారు, మా ఆయనకి ఫోన్ చేస్తారు, ఆ పిల్ల రక్తం గ్రూపేమో వేరు. బిబ్ మార్చొద్దని ఎందుకంటారో ఇది ఆలోచించాక అర్థమైంది, ముందు వాళ్ళది మొండితనం అనుకున్నా.

టీషర్ట్ ఇచ్చారు. ఫారంలో నేను ఎమ్ అని పెట్టా, ఏడు వారాల తర్వాతి నన్ను ఊహించుకుని. పట్టలేదు. మార్చరట.

రేస్ రోజు. ఇక్కడ నేను చేసిన పెద్ద తప్పు కూడా ఫారం దగ్గరే మొదలైంది, ఎంత టైంలో పూర్తిచేస్తారు అని ఉంటే ఆ రాత్రి ఉత్సాహంలో ఏదో గొప్ప అంకె రాసేశా, వాళ్ళు అది నమ్మి నన్ను ముందు బ్లాక్‌లో, అంటే వేగంగా పరిగెత్తేవాళ్ళ గుంపులో నిలబెట్టారు! నా చుట్టూ ఉన్నవాళ్ళందరూ సన్నగా, పొడుగ్గా, కాళ్ళు ఊపుకుంటూ, ఒకళ్ళకీ భయం లేదు. స్టార్ట్ అనగానే వరద వచ్చినట్టు కదిలారు, దాంతో పాటు నేనూ కొట్టుకుపోయా. మొదటి కిలోమీటర్ 6 నిమిషాల 10 సెకన్లు. ప్రాక్టీస్‌లో నా వేగం కిలోమీటర్‌కి ఎనిమిది నిమిషాలండీ! ఎలా వచ్చిందంటే తెలీదు, జనం, చప్పట్లు, పాటలు, ఆ ఊపు అలాంటిది. రెండో కిలోమీటర్ 7:30. మూడో దాంట్లో పక్కలో పట్టేసింది, నడిచా, 9:40. నాలుగోది 9:30. అందరూ నన్ను దాటుకుంటూ వెళ్తున్నారు, అమ్మమ్మలు, పిల్లలు, ఫోన్ మాట్లాడుకుంటూ ఒకాయన. ఇంక ఇంటికెళ్ళిపోదామా అనిపించిన చోట ఒక వాలంటీర్ పిల్ల, పదహారేళ్ళుంటాయేమో, "ఆంటీ, ఇంకో మలుపు, అంతే" అని అరిచింది. ఇంకో మూడు మలుపులున్నాయి. ఆ అబద్ధానికి నేనెప్పటికీ రుణపడి ఉంటా. చివరి కిలోమీటర్ 9:02.

మొత్తం 41 నిమిషాల 52 సెకన్లు. సర్టిఫికెట్‌లో రెండు టైంలు కనపడ్డాయి, కంగారు పడకండి, గన్ టైం అంటే స్టార్ట్ కొట్టినప్పట్నుంచి, చిప్ టైం అంటే మనం స్టార్ట్ గీత దాటినప్పట్నుంచి. కొత్తవాళ్ళకి చూసుకోవాల్సింది చిప్ టైమే. మొదట్నుంచీ ఎనిమిది నిమిషాల వేగంతో పోయుంటే 40కే అయిపోయేది, అదీ ఆయాసపడకుండా. మెడల్ మాత్రం అందరికీ ఒకటే, మెడలో వేస్తుంటే ఏడుపొచ్చింది, ఎందుకొచ్చిందో అడక్కండి. మా ఆయన ఫోటో తీశాడు, "నువ్వే" అన్నాడు.

ఇక్కడితో రివ్యూ ఆపేస్తే ఐదుకి ఐదు ఇచ్చేదాన్ని. కానీ తర్వాతేమైందో చెప్పకపోతే మోసం అవుతుంది. ఆ తర్వాత 23 రోజులు నేను షూస్ ముట్టుకోలేదు. మొదటి మూడు రోజులు ఒళ్ళు నొప్పులు, అది సహజం, కష్టమైన పరుగు తర్వాత రెండో రోజు నొప్పి ఇంకా ఎక్కువుంటుంది. తర్వాత ఒక వారం రెస్ట్ అని చెప్పుకున్నా. ఆ తర్వాత చెప్పుకోవడానికి కూడా ఏం లేదు. ఫ్రిజ్ మీద గళ్ళ కాగితం తీసేశా, తీసేసిన చోట ఏం పెట్టలేదు. అప్పుడు తట్టింది నాకు, నేను కొన్నది పరుగు అలవాటు కాదు, ఒక తారీఖు. తారీఖు అయిపోయింది, సరుకు ఎక్స్‌పైర్ అయిపోయింది. మళ్ళీ కొనాలి. రీఛార్జ్ లాంటిదన్నమాట.

దీనికి ప్రత్యామ్నాయాలు కూడా చూశా. వర్చువల్ రేస్‌లని ఉన్నాయి, మన వీలు చూసుకుని మన దగ్గరే పరిగెత్తి ఫోన్‌లో స్క్రీన్‌షాట్ పెడితే మెడల్ పోస్ట్‌లో పంపిస్తారు, 2020లో బోస్టన్ మారథాన్ కూడా కరోనా వల్ల ఇలాగే జరిగింది. నాలాంటివాళ్ళకి అది దండగ, ఎవరూ ఎదురుచూడట్లేదంటే నేను కదలను. పార్క్‌రన్ అని ఇంకోటి, 2004 అక్టోబర్‌లో లండన్ దగ్గర బుషీ పార్క్‌లో 13 మంది పరిగెత్తితే మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది, వారం వారం 5 కిలోమీటర్లు, డబ్బు కట్టక్కర్లేదు, ఒకసారి రిజిస్టర్ చేసుకుని బార్‌కోడ్ తీసుకెళ్తే చాలు, నడిచినా ఏమనరు. మీకు దగ్గర్లో ఉంటే నా ఓటు ముందు దానికే, ఎందుకంటే దాని తారీఖు ఎప్పటికీ అయిపోదు, వచ్చే వారం మళ్ళీ ఉంటుంది. అక్కడ ఒకట్రెండు సార్లు పరిగెత్తాక డబ్బు కట్టే రేసుకి వెళ్తే ఫారంలో అబద్ధం రాయాల్సిన పని కూడా ఉండదు.

మరి ఎవరు కట్టాలి, ఎవరు కట్టకూడదు అంటే, నాలాగా ఎవరైనా గడువు పెడితే తప్ప పని మొదలుపెట్టని బాపతు అయితే కళ్ళు మూసుకుని కట్టేయండి, కానీ 5కెకే కట్టండి, కనీసం పది పన్నెండు వారాలు దూరంలో ఉన్నదానికి, మధ్యలో జ్వరమో పెళ్ళో కాలు నొప్పో ఏదో ఒకటి వస్తుంది, ఆ రెండు మూడు వారాలు దానికి. గడువంటేనే గుండె దడ పుట్టి రాత్రి నిద్రపట్టనివాళ్ళు మాత్రం వద్దు, మీకిది పనిచేయదు, పరుగు మీదే విరక్తి పుడుతుంది. గుండె జబ్బో, పరిగెత్తితే ఛాతీ నొప్పో కళ్ళు తిరగడమో ఉన్నవాళ్ళు ముందు డాక్టర్, తర్వాత రిజిస్ట్రేషన్. అసలు ఆరోగ్యం కోసమే అయితే రేసే అక్కర్లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుకైన నడక లాంటిది, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి వ్యాయామం, వారానికి మూడు అరగంటల పరుగు ఈ రెండో లెక్కలో పడిపోతుంది. తెలిసిన విషయమే. తెలిసినంత మాత్రాన చేస్తే నాకు ఆ 23 రోజులు ఖాళీగా ఎందుకుంటాయి.

రేటింగ్ అంటే, మంచం మీంచి లేపడానికి ఐదుకి ఐదు. కాళ్ళని కాపాడటానికి ఐదుకి ఒకటి, అది కూడా 5కెకి మార్చినందుకు. రేస్ రోజు సరదాకి నాలుగున్నర, టాయిలెట్ల దగ్గర క్యూ వల్ల అర కోత (గంట ముందే వెళ్ళండి, చెప్పలేదనొద్దు). అలవాటు చేయడానికి రెండు. అన్నీ కలిపి ఎంతో మీరే వేసుకోండి, నాకు లెక్కలు ఫ్రిజ్ మీద గళ్ళ దాకానే.

నిన్న రాత్రి మళ్ళీ కట్టేశా. ఈసారి పదకొండు వారాలుంది, 33 గళ్ళు గీసి ఫ్రిజ్ మీద పెట్టాకే పేజీ తెరిచా. మళ్ళీ 10కెనే, కానీ ఐదు పరిగెత్తిన కాళ్ళతో, మార్చుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడో ముందే చూసుకుని. ఎంత టైంలో పూర్తిచేస్తారు అన్నచోట గంటన్నర అని రాశా, వెనక బ్లాక్‌లో నిలబెడతారు, నిలబెట్టనీ. టీషర్ట్ ఎల్ పెట్టా.